జేబులో కాయితం

వడ్డేపల్లి సీడుపత్తి చేన్లల్ల శ్రీనాథ్ చెయ్యంటే చెయ్యే. పొద్దున్నే మగపువ్వు తెంపి ఆడపువ్వుకు అద్దిండంటే కాయ నిలవాల్సిందే. నాలుగు పువ్వులకొకసారి అంగీ జేబు తడుముకుంటడు. పిల్లలు కాకపోవడానికి లోపం అతనిదేనని, మందులతో నయమైతదని రాసిన దవాఖాన కాయితం మూడు నెలల సంది అందుల్నే ఉంది. బలం గోలీలు మాత్రం పెండ్లాం మాలతితో మింగిస్తుండు.

పక్క సాలుల నుంచి శ్రీనాథ్ తల్లి నాగేంద్రమ్మ కోడలిని దెప్పింది: "మావోడు చెట్టుకే కాయ తెప్పిస్తడు. నీ కడుపుకేం రోగమే?"

శ్రీనాథ్ తల ఇంకింత వంచిండు. మాలతి ఇంకో మగపువ్వు అందిస్తూ మెల్లగ అన్నది: "జేబుల కాయితం చెమటకు తడుస్తుంది. అక్షరాలు పోకముందే దవాఖానకు పోదాం. అత్తకు చెప్తవా, నన్నిట్లనే పడమంటవా?"

"అమ్మా!" అని పిలిచిండు శ్రీనాథ్. నాగేంద్రమ్మ తిరిగి చూసింది.

"జర నీళ్లియ్యి," అన్నడు.