బోరు నీళ్ళ ప్లాను

నేను బండల ఫ్యాక్టరీలో పాలిష్ పని చేస్తాను. రెండేళ్ళు కష్టపడి ఒక్కో భాగం కొని బిగించుకున్న గేమింగ్ కంప్యూటర్ ఈ ఎండలకు కాగిపోతుంటే, వీడియోలు చూసి, పంపుతో గొట్టాల్లో నీళ్ళు తిప్పి దాన్ని చల్లబరిచే వాటర్ కూలింగ్ ప్లాను కాగితం మీద గీసుకున్నాను. ఈరోజు మాచర్లలో ఒక కంప్యూటర్ షాపాయనకు చూపిస్తే, తప్పేమిటో చెప్పకుండా పగలబడి నవ్వాడు. ఒళ్ళు మండి బయటికొచ్చాను. పక్కనే లారీ రేడియేటర్లు బాగుచేసే మస్తాన్ భాయ్ కాగితం లాక్కుని చదివాడు.

“బోరు నీళ్ళు పోస్తావా? ఒరేయ్, మన నీళ్ళకు సున్నం కట్టి గొట్టాలు పూడుకుపోతయ్! బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకో. ముందు పంపొక్కటే తిప్పి, కింద పేపరు పరిచి లీకుందేమో చూడు.”

“నీకు కంప్యూటర్లు తెలుసా భాయ్?”

“తెలీదు. వేడి తెలుసు.”

ఆదివారం బిగించేటప్పుడు ఆయన్నే ఇంటికి రమ్మన్నాను. ఇది చదివేవాళ్ళకు నా ప్లానులో ఇంకా తప్పులు కనిపిస్తే ఇప్పుడే తిట్టండి, కంప్యూటర్ తడిశాక కాదు.