మిషిగన్‌కు దాటిన తమ్ముడి కొడుకు

కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలోని లండన్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్న రోజుల్లో, సిటీ బస్సు ఎక్కితే సగం మంది మన దేశం నుంచి వచ్చిన విద్యార్థులే కనిపించేవారు. కాలేజీకి దగ్గరలో గది దొరకడం గగనమైపోయింది. ఒక్కో బేస్‌మెంట్‌లో ఐదారుగురు సర్దుకుని ఉండేవారు. మా పక్కింటి బేస్‌మెంట్‌లో మాత్రం ఒక్కతే ఉండేది, ఖమ్మం అమ్మాయి. పగలు క్లాసులు, సాయంత్రాలు కాఫీ షాపులో పని. ఆదివారం ఇంటి యజమానురాలి పాత కారులో ఆవిడనే ఎక్కించుకుని సరుకులకు తీసుకెళ్లేది. ఆవిడను నాకు పరిచయం చేసింది ఆ అమ్మాయే.

ఆవిడకు ఎనభై దాటాయి. పెళ్లి చేసుకోలేదు. తోడబుట్టినవాళ్లు ఎవరూ మిగల్లేదు. గుండె కవాటం మార్చాలని డాక్టర్లు చెబితే ఒకసారి తేదీ ఇచ్చాక వెనక్కి తగ్గింది. ఇంకోసారి వాయిదా వేస్తే తమ చేతుల్లో ఏమీ ఉండదని వాళ్లు గట్టిగానే చెప్పారట. ఆవిడ పట్టు ఒకటే. తను లోపల ఉన్నంతసేపూ బయట తన రక్తసంబంధీకులు ఒక్కరైనా కూర్చోవాలి. మేము కూర్చుంటామంటే మంచివాళ్లు మీరు అని నవ్వేసింది తప్ప ఒప్పుకోలేదు.

నేను పేపర్లో పనిచేశానని మా అమ్మాయి చెప్పినట్టుంది. ఒక మధ్యాహ్నం టీకి పిలిచి, తన వాళ్లను వెతికిపెట్టమని అడిగింది. ఆవిడ వంశం ఇంగ్లండు తూర్పు వైపు కౌలు రైతులు. గోధుమ ధర పడిపోయి, కౌలు నిలవక, ఇద్దరు అన్నదమ్ములు పెళ్లాం పిల్లలతో ఓడెక్కారు. అన్న ఈ లండన్ అవతల అడవి కొట్టి భూమి చేసుకున్నాడు. ఆవిడ ఆయనకు మునిమనవరాలు. తమ్ముడు కొన్నేళ్లు అన్న పక్కనే ఉండి, తరువాత కుటుంబంతో సహా అమెరికాలోకి, మిషిగన్‌కు దాటిపోయాడు. ఆ తరువాత రాకపోకలు ఆగిపోయాయి. ఆవిడకు తెలిసింది ఇంతే.

లైబ్రరీలో పాత స్థానిక పత్రికలు తిరగేయడం నాకు ఇంటికి వెళ్లినట్టే ఉంది. తమ్ముడు వెళ్లిపోయే ముందు వేయించిన వేలం ప్రకటన దొరికింది. జత ఎడ్లు, ఇనుప నాగలి, వెన్న చిలికే పీపా, ఒక ఊయల. అక్కడి నుంచి మిషిగన్ జనాభా లెక్కలు, వంశవృక్షాల వెబ్‌సైట్లు. చివరికి ఒక సైట్లో ఒక మనిషి తగిలాడు. ట్రాక్టర్లు బాగుచేసి రిటైరయినవాడు. తన ముత్తాత ఆ తమ్ముడి పెద్దకొడుకని రాశాడు. నేను మెయిల్ పెడితే రెండో రోజే జవాబిచ్చాడు. ఆపరేషన్ సంగతి చెబితే వస్తానన్నాడు. ఆవిడ డాక్టరుకు ఫోన్ చేసి తేదీ ఖాయం చేసుకుంది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆవిడ తన ముత్తాత సమాధి ఫోటో తీసుకురమ్మంది. ఖమ్మం అమ్మాయి కారు తీసింది. మొక్కజొన్న చేల మధ్య చిన్న స్మశానం. ముత్తాత రాయి పక్కనే మోకాలెత్తు కూడా లేని తెల్లరాయి ఒకటి ఒరిగి ఉంది. నాచు తుడిచి చదివాను. తమ్ముడి పేరు, అతని భార్య పేరు, వాళ్ల కొడుకు, మూడో ఏట మరణించాడు. ఆ కొడుకు పేరు మిషిగన్ మనిషి తన ముత్తాత అని చెప్పిన పేరే.

మూడో ఏటే పోయినవాడు ఎవరికైనా ముత్తాత ఎలా అవుతాడు? ఆ ఇంటిపేరు అక్కడ ఊరికి పది మందికి ఉంటుంది. మిషిగన్ మనిషి తెలియక మరో కుటుంబాన్ని వీళ్లకు అతికించుకున్నాడు. అతన్ని వెతికి పట్టుకొచ్చింది నేను.

"ఇంకో కొడుక్కి అదే పేరు పెట్టి ఉండొచ్చు కదా అంకుల్" అని ఆ అమ్మాయి అని, మళ్లీ తనే తల అడ్డంగా ఊపింది. "ఎవరు పెడతారులే. మా తాత పేరు పెంటయ్య. ముందు పుట్టినోళ్లు ముగ్గురు దక్కలేదంట."

నాకూ అదే అనిపించింది. పిల్లలు దక్కకపోతే తరువాతి బిడ్డకు పెంటయ్య అనో పుల్లయ్య అనో పెట్టి, యముడు ఏవగించుకుని వదిలేస్తాడని నమ్మిన చోటి నుంచి వచ్చినవాళ్లం మేమిద్దరం. పోయిన పిల్లవాడి పేరుతో ఉయ్యాలలో బిడ్డను పిలవడం మా ఊహకు అందే పని కాదు. జనాభా లెక్కల్లో మిషిగన్‌లోని అదే పేరున్న కుర్రాడి వయసు ఈ రాయి లెక్కకు చాలా తక్కువగా ఉన్నట్టు గుర్తొచ్చింది. గుమాస్తా తప్పు రాసుంటాడని అప్పట్లో వదిలేశాను. ఇప్పుడు అది కూడా వేరే కుటుంబమనడానికి సాక్ష్యంలా కనిపించింది.

"ఆపరేషన్ అయ్యేదాకా చెప్పకండి అంకుల్. చెప్తే ఆమె పోదు."

"అతను వచ్చాక బయటపడితే?"

"పేపరోళ్లకి అన్నీ అనుమానాలే" అంది కారు స్టార్ట్ చేస్తూ.

ఆ వారం నాకు తిండి సయించలేదు. ధ్రువపడని వార్త ఆపేయడం ఉద్యోగంలో రోజూ చేసిన పనే. ఇక్కడ ఆపితే ఒక అబద్ధాన్ని నమ్ముకుని ఆవిడ ఆపరేషన్ బల్ల ఎక్కుతుంది. చెబితే అసలు ఎక్కనే ఎక్కదు. మా అమ్మాయి నా మొహం చూసి బీపీ చూపించుకోమంది. మిషిగన్ మనిషి బయలుదేరే ముందు రోజు ఇక ఉండబట్టలేక పక్కింటికి వెళ్లాను. ఖమ్మం అమ్మాయి ఆవిడ వంటింట్లో సూపుకు క్యారెట్లు తరుగుతోంది. నన్ను చూడగానే అర్థమై, తెలుగులో మెల్లగా, "వద్దంకుల్" అంది.

చెప్పేశాను. రాయి ఫోటో ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది. ఆవిడ ఊపిరి తీస్తున్న చప్పుడు వింటూ నేను కుర్చీ అంచున కూర్చున్నాను.

"పాపం, వీడు మొదటివాడు" అంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడకు నా అయోమయం అర్థం కాలేదు.

"ఇది వాళ్ల తాత పేరు. పిల్లాడు పోతే తాత పేరు వదులుకుంటారా? తరువాత పుట్టినవాడికి పెడతారు. రైతుల ఇళ్లలో అంతా అలాగే చేసేవారు. నా పేరు మాత్రం ఎవరిదనుకున్నావు? నాకంటే ముందు పుట్టిన అక్కది. ఆరేళ్లప్పుడు పోయింది. కాలరు మీద పేరు కుట్టిన అక్క కోటే వేసుకుని నేను బడికెళ్లాను. అమ్మకు మళ్లీ కుట్టే పని తప్పింది."

కత్తి ఆగిపోయింది. "మీకు భయం వేయలేదా?" అని ఆ అమ్మాయి అడిగింది.

"దేనికి? కోటు కొంచెం వదులు, అంతే."

నేను ఇంటికి వెళ్లి కాగితాలు మళ్లీ తీశాను. లెక్కల్లో వయసు ప్రకారం మిషిగన్ కుర్రాడు రాయి మీద ఉన్న మరణం తరువాతి సంవత్సరం పుట్టాడు. గుమాస్తా సరిగ్గానే రాశాడు. మిషిగన్‌కు దాటేనాటికి వాడు చంటిబిడ్డ. అయినా మనసు పూర్తిగా కుదుటపడలేదు. బాప్తిజం రికార్డు ఒక్కటి దొరికితే బాగుండేదనుకున్నాను. ఆ మాట ఆవిడతో అంటే, నీకు కావాలంటే తరువాత వెతుక్కో అంది.

అతను మర్నాడు చీకటి పడే వేళకు వచ్చాడు. సరిహద్దు దగ్గర లైను కదలక మూడు గంటలు ఆలస్యమైంది. ఆ మూడు గంటలూ మేము కిటికీ దగ్గరే ఉన్నాం. పొడుగాటి, సిగ్గరి మనిషి. ఆవిడ అతన్ని కూర్చోమని సూపు పెట్టింది. ఇద్దరూ వర్షాల గురించి, మొక్కజొన్న గురించి మాట్లాడుకున్నారు.

ఆపరేషన్ రోజు ఆవిడ కళ్లద్దాలు తీసి అతని చేతికిచ్చి లోపలికి వెళ్లింది. అతనికి వాటిని ఎలా పట్టుకోవాలో తెలియలేదు. ఒడిలో పెట్టుకుని, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఖమ్మం అమ్మాయి షిఫ్టు మార్చుకుని వచ్చింది. చెప్పిన సమయం దాటిపోయింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అతను తల ఎత్తి మళ్లీ దించుకునేవాడు.

చివరికి డాక్టరు వచ్చి ఆవిడ పేరు చెప్పి, తాలూకు ఎవరని అడిగాడు. నేను లేవబోయాను. ఆ అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. అతను మా వైపు ఒకసారి చూసి, కళ్లద్దాలు జేబులో జాగ్రత్తగా పెట్టుకుని ముందుకు వెళ్లాడు. డాక్టరు చెప్పేది మాకు వినబడలేదు. అతను వంగి వింటూ తల ఊపుతున్నాడు. కాసేపటికి మా వైపు తిరిగి, ఏం సైగ చేయాలో తోచక, చెయ్యి పైకెత్తి బొటనవేలు నిలబెట్టి చూపించాడు.