లాగకు మావా, తొయ్యాలి

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎవరైనా ఓ వస్తువు కొనుక్కోవాలంటే కొనేవాడి ఇష్టం ఒక్కటే ఉంటే చాలదు. సైకిల్ దగ్గర్నుంచి సెల్‌ఫోన్ దాకా ఏది కొన్నా ఇంట్లోవాళ్ళు, ఇంటికొచ్చినవాళ్ళు, వీధిలో పోతూ పోతూ మన అరుగు దగ్గర ఓ నిమిషం ఆగినవాళ్ళు తలో మాటా వేస్తే తప్ప బేరం తెగేది కాదు. దీన్ని ఆప్యాయత అంటారని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పట్లో మాత్రం నాకు ఒళ్ళు మండిపోయేది. ఎందుకంటే నేను కొనబోయిన వస్తువు గురించి ఇటు టెక్కలి నుంచి అటు కవిటి దాకా ఎవరికీ ఏమీ తెలియదు (నాక్కూడా పెద్దగా తెలియదు, కానీ ఆ సంగతి నేను బయటపెట్టలేదు).

ముందు నా గురించి కాస్త చెప్పాలి. పూండి స్టేషన్లో దిగి ఆటో ఎక్కితే, ఇక ముందుకు పోవడానికి నేల లేక ఆటో ఆగిపోయే ఊరు మాది. తాతల నాటి నుంచీ సముద్రం మీద వేటే మా బతుకు. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు పడవ ఎక్కితే చాలు, కెరటాలు దాటకముందే కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చేసేది. కొన్నాళ్ళు ఓపిక పట్టి, ఓ రోజు మా నాన్న నన్ను ఒడ్డున దింపేసి, ఒక్క మాట కూడా అనకుండా పడవ తిప్పుకుని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత పలాసలో ఓ జీడిపప్పు ఫ్యాక్టరీలో, గుండు పప్పునీ బద్దనీ వేరుచేసే చోట సూపర్‌వైజర్‌గా చేరాను. సముద్రం పడని జాలరి కొడుకంటే ఊరికి ఎంత కాలక్షేపమో వేరే చెప్పక్కర్లేదు. మా అమ్మ తమ్ముడు, అంటే మా మావ, నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి ‘జీడిపప్పు బాబు’ అనడం మొదలుపెట్టాడు.

పోయిన పరువు కాస్తో కూస్తో తిరిగి తెచ్చింది గాలిపటమే. విశాఖపట్నంలో చదువుకునేటప్పుడు హాస్టల్లో నాకో స్నేహితుడు ఉండేవాడు. గాలి ఎటు వీస్తోందో చూడందే భోజనానికి కూడా బయల్దేరేవాడు కాదు కాబట్టి అందరం గాలిశాస్త్రి అనేవాళ్ళం. ఉద్యోగం వచ్చి హైదరాబాదు వెళ్ళిపోతూ, అక్కడ సముద్రం లేదు కదా అని, తన పాత పటం నాకు ఇచ్చేశాడు. కాగితంతో చేసే గాలిపటం కాదు అది. పారాచూట్ గుడ్డతో కుట్టింది, గాలి నిండితే పరుపులా ఉబ్బుతుంది. నాలుగు తాళ్ళు, చేతికొకటి చొప్పున రెండు పిడులు. సాయంత్రపు సముద్రపు గాలికి దాన్ని లేపితే మనిషిని ఇసుక మీద ఈడ్చుకుపోతుంది. మడమలు తన్నిపెట్టి, వెనక్కి వాలి, ఇసుకలో చాళ్ళు తీసుకుంటూ నేను జారిపోతుంటే వలలు బాగుచేసుకునేవాళ్ళు కూడా తలెత్తి చూసేవారు. తీరం మీద నాకంటూ ఉన్న మర్యాద అదొక్కటే.

కానీ దానికో పెద్ద జబ్బు ఉంది. పటం కింద ఉండే దారాల కట్టు కుట్టినప్పుడే ఖాయం చేసేస్తారు, ఎగిరేటప్పుడు మార్చడానికి ఉండదు. పటాన్ని అటూ ఇటూ తిప్పుకోవచ్చుగానీ, అది పట్టే గాలిని తగ్గించడం మన చేతుల్లో లేదు. గాలి ఒక్కసారి పెద్దదైతే పటం ఎక్కడికి పోదల్చుకుంటే మనమూ అక్కడికే. అలా ఓ రోజు నేను సరుగుడు తోట దాకా బోర్లా ప్రయాణం చేసి, రెండు మోచేతులకీ గడ్డానికీ తోలు లేపుకుని ఇంటికి వచ్చాను. అమ్మ పసుపు అద్దుతూ, గొంతు పెంచకుండా చెప్పింది: “ఇంకోపాలి నీ తోలు లెగిసినాదో, ఆ గాలిపటాన్ని పొయ్యిలో ఎట్టీస్తాను. నాను ఉత్తినే అన్ను.” మా అమ్మ ఎండుచేపల గంపతో రైలెక్కి పలాస బజారుకి వెళ్ళే మనిషి. పెట్టెలో ఎంత జనం ఉన్నా గంపకి చోటు దొరికేది. ఆమె అన్నదంటే పొయ్యి సిద్ధంగా ఉన్నట్టే.

గాలిశాస్త్రికి ఫోన్ చేశాను. తోలు లేవకుండా ఎగరేయాలంటే డీపవర్ కైట్ కొనుక్కోమన్నాడు. అందులో పిడులు ఉండవు, చేతికి అడ్డంగా, మధ్య కన్నంలోంచి పోయే తాడు మీద ముందుకీ వెనక్కీ జారే ఓ కర్ర ఉంటుంది, దాన్ని బారు అంటారు. లాగుడంతా నడుముకి కట్టుకున్న బెల్టు మీద పడుతుంది. బారు దగ్గరికి లాగితే పటం గాలిని బాగా పట్టుకుంటుంది, ముందుకు తోస్తే గాలి వదిలేసి మెత్తబడుతుంది. భయమేసినప్పుడు తొయ్యాలి, లాగకూడదు, అంతే, అన్నాడు. ఇంత తేలికైన సంగతి నాకు ముందే ఎందుకు చెప్పలేదురా అని కసిరాను. ఎవరో గోవాలో వాడినవి అమ్ముతున్నారనీ, ఎనిమిది, పది, పన్నెండు చదరపు మీటర్ల సైజులు ఉన్నాయనీ, ఈ రకం పాతదానిలా గుంజుకుపోదు కాబట్టి కాస్త పెద్దదే తీసుకోవచ్చుగానీ నా బరువుకి ఎనిమిది దాటొద్దనీ చెప్పాడు. అప్పట్లో నేను గాలికి నిలబడాలంటే జేబులో రాళ్ళు వేసుకోవాల్సినంత సన్నగా ఉండేవాణ్ణి. వ్యవహారం అక్కడితో తేలిపోవాల్సింది. నా ఖర్మ కొద్దీ ఆ ఫోన్ మా అక్కా వాళ్ళింట్లో, స్పీకర్ పెట్టి మాట్లాడాను.

మా బావకి కాశీబుగ్గలో రెడీమేడ్ బట్టల కొట్టు. ఆయన మొత్తం సంభాషణలో ‘కాస్త పెద్దది’ అన్న ముక్క ఒక్కటే విని తల ఊపాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన నాకు పెట్టిన ప్రతి చొక్కా ఓ సైజు పెద్దదే. ఎదిగే కుర్రాడికి సరిపోయే చొక్కా కొంటే వచ్చే ఏడు ఏం చేస్తామని ఆయన వాదన (నేను ఎదగడం ఎప్పుడో పూర్తిచేసి, ఉద్యోగం కూడా చేస్తున్నానని ఆయనకి ఎవరూ చెప్పలేదు). పన్నెండు మీటర్లది తీసుకోమన్నాడు. అది చొక్కా కాదు బావా, పెద్దదైతే నన్ను సుమ్మాదేవి స్టేషన్ దాకా మోసుకుపోతుంది అన్నాను. ఆయన నా మీద జాలిపడి, కొట్టుకి వచ్చిన బేరానికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు: “పెద్దదైతే కుట్లేసి సిన్నది సేసుకోవచ్చు బామ్మర్దీ. సిన్నదాన్ని పెద్దది సేత్తావేటి?” గాల్లో ఎగిరేదానికి కుట్లు వెయ్యకూడదంటే, తన టైలరు అలాంటివి చాలా చూశాడన్నాడు.

ఆ తర్వాత రెండు వారాలు నేను పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. అక్క బావ పక్షం. అమ్మకి పటాల సైజుల గురించి ఏమీ తెలియదుగానీ అల్లుడి మాట కాదంటే బాగోదని తెలుసు. ఫ్యాక్టరీలో పప్పు ఏరే ఆడవాళ్ళు కూడా రెండుగా చీలిపోయారు. గాలిశాస్త్రి ఫోన్లో ఎనిమిదీ ఎనిమిదీ అని అరిచేవాడు. వాడి అరుపు విని, అంత ఆత్రంగా చిన్నది అంటగడుతున్నాడంటే వీడికి అందులో ఏదో లాభం ఉందని బావ తేల్చేశాడు. చివరికి ఎనిమిదికీ పన్నెండుకీ మధ్య పది తెప్పించాం. దాంతో ఎవరికీ తృప్తి లేదు. మా ఇంట్లో ముఖ్యమైన నిర్ణయాలన్నీ అలాగే జరిగేవి.

పార్సిల్ వచ్చిన రోజు మావ పరీక్షించడానికి వచ్చాడు. ఆయన సంగతి కొంచెం చెప్పాలి. మా తీరంలో అలివి వల అని ఒకటి ఉంటుంది. వలని పడవ మీద తీసుకెళ్ళి సముద్రంలో అర్ధచంద్రంలా వేసి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకి తెస్తారు. ఆ తాళ్ళని ఊరంతా వరసగా పట్టుకుని లాగుతుంది. ముందు నిలబడి కేకతో అందరి చేతా ఒక్కసారి లాగించేవాడు మావ. లాగే వాళ్ళల్లో ఒక్కడు చెయ్యి సడలించినా చేపలు పోతాయి. అందుకని మా ఊళ్ళో పిల్లలకి నడక కంటే ముందు తాడు వదలకపోవడం నేర్పుతారు. అలాంటి మనిషి నా బారుని పట్టుకుని అటూ ఇటూ జరిపి, మొహం చిట్లించి, తాడు జారుతోంది అన్నాడు. జారాలి మావా, అదే దాని గొప్ప అన్నాను. “జారిపోయీ తాడు తాడేటిరా?” అన్నాడాయన.

మర్నాడు పొద్దున్న చూసేసరికి బారు కదలడం లేదు. మావ ఎప్పుడు వచ్చి వేశాడోగానీ, జారే తాడుకి వల ముడి వేసి, ముడి మీద ముడి బిగించి పోయాడు. అంటే, ఊరంతా బతిమాలుకుని, బావతో మాటలు పడి తెప్పించుకున్న కొత్త పటం ఒక్క ముడితో పాతదైపోయింది. మేకు పెట్టి ఆ ముడి విప్పడానికి నాకు సగం రోజు పట్టింది. మావ పక్కనే కూర్చుని, అంత మంచి ముడి విప్పేస్తున్నందుకు ఇంట్లో ఎవరో పోయినట్టు మొహం పెట్టాడు. నేను ఒళ్ళు తెలియని కోపంతో ఆయనకి పాఠం చెప్పాను. లాగితే బలం, తోస్తే నెమ్మది. లాగకూడదు మావా, తొయ్యాలి. ఇదే పాఠం ఆ వారమంతా అరుగు మీద కూర్చున్న ప్రతివాళ్ళకీ చెప్పాను. చివరికి మా వీధిలో మేకలకి కూడా అర్థమై ఉంటుంది.

ఆదివారం సాయంత్రం పరీక్ష. అమ్మ వచ్చి ఒడ్డుకి ఎక్కించిన పడవ అంచు మీద కూర్చుంది. తను చూశాకే పటం ఇంట్లో ఉండాలో పొయ్యిలో ఉండాలో చెబుతానంది. ఊళ్ళో సగం మంది వచ్చారు, బావ కొట్టు మూసి వచ్చాడు. పటం చక్కగా లేచింది. బారు తోశాను, మెత్తబడింది. లాగాను, నడుము దగ్గర బలం తెలిసింది. మళ్ళీ తోశాను. చూశావా అమ్మా అన్నట్టు అటు తిరిగి నవ్వాను కూడా. సరిగ్గా అప్పుడే సముద్రం మీంచి ఓ పెద్ద గాలి వచ్చింది.

నాకు పాఠం కంఠతా వచ్చు. కానీ చేతులకి రాదు. ఏళ్ళ తరబడి పిడులు గట్టిగా పట్టుకుని అలవాటైన చేతులు బారుని గుండెకి హత్తుకున్నాయి. పది మీటర్ల గుడ్డ ఒక్క ఊపు ఊపింది. నాలుగడుగులు పరిగెత్తాను, ఆ తర్వాత కాళ్ళు నా పరుగుతో కలవడం మానేశాయి. సరుగుడు తోట నా వైపే వస్తోంది. ఇంతలో వెనక నుంచి మావ నా నడుం బెల్టు పట్టుకున్నాడు. మావ నడుముని ఇంకొకడు, వాడి నడుముని మరొకడు పట్టుకున్నారు. క్షణంలో వరస తయారైంది. మావ వల లాగే కేక వేశాడు, ఊరంతా ఒక్కసారిగా వెనక్కి లాగింది. ముందు పటం, వెనక ఊరు, మధ్యలో నా నడుము. వదలమని అరిచాను. మావ నా చెవిలో ధైర్యం చెప్పాడు: “భయపడకురా. ఒగ్గం. పేణం పోయినా ఒగ్గం.”

ఆ గోలలో అమ్మ గొంతు వినిపించింది. పరుగున నా ముందుకి వచ్చి నిలబడింది. వాళ్ళని ఏమీ అనలేదు, నన్నే అంది. “ఆల్ని ఒగ్గమంతన్నావు, ముందు నువ్వు ఒగ్గరా. తొయ్యాల తొయ్యాలని ఊరందరికీ సెప్పినావు గదా, తొయ్యి.”

చూసుకుంటే బారు ఇంకా నా గుండెల మీదే ఉంది. తోశాను. పటం ఒక్కసారిగా మెత్తబడి తలమీదికి వచ్చి నిలబడింది. లాగుడు పోయేసరికి నా వెనక వరసంతా ఒకరి మీద ఒకరు వెల్లకిలా ఇసుకలో పడ్డారు. అందరి కిందా బావ పడ్డాడు (వాళ్ళ అదృష్టం, ఆయన మీద పడుంటే ఒక్కడూ లేచేవాడు కాదు). నేను మాత్రం నిలబడే ఉన్నాను.

పటం దించాక అమ్మ నా మోచేతులు తిప్పి తిప్పి చూసింది. గడ్డం ఎత్తి చూసింది. ఎక్కడా తోలు లేవలేదు. మావ మోచెయ్యి మాత్రం బాగా గీరుకుపోయింది. పొయ్యి గుర్తొచ్చి పటాన్ని నా వెనక్కి పెట్టుకున్నాను. అమ్మ కొంగుతో ఆయన చేతికి అంటిన ఇసుక దులిపి తీర్పు చెప్పింది: “నీ తోలు లెగిస్తే అన్నాను గానీ మీ మావది అన్నేదు. ఉంచుకో.”

ఆ పటం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. రెండు మూడు చోట్ల అతుకులు పడ్డాయి, రంగు వెలిసింది, కానీ ఎగురుతుంది. ఇన్నేళ్ళలో ఫ్యాక్టరీలో నా కుర్చీ మారింది, నేనూ మారాను. పప్పు నాణ్యత చూసే ఉద్యోగంలో రుచి చూడక తప్పదు కదా. మొన్న ఓ సాయంత్రం అదే తీరం మీద, మంచి గాలిలో, బారు పట్టుకుని నిబ్బరంగా నిలబడి ఉన్నాను. ముసలివాడైన మావ కాస్త వెనకగా, తుండు నడుముకి బిగించి, అవసరమొస్తే పట్టుకోవడానికి నిలబడ్డాడు. ఎంత చెప్పినా మానడు. నేనూ చెప్పడం మానేశాను. గాలి పెరిగితే బారు తోస్తూ, వెనక ఆయన ఉన్నాడో లేదో ఓసారి చూసుకుంటాను.

బావ కూడా వచ్చాడు. నన్నూ పటాన్నీ మార్చి మార్చి చూసి, ఇన్నాళ్ళకి నాకు అది సరిగ్గా సరిపోయిందన్నాడు. ఎదుగుతావని చెప్పాను కదా అన్నాడు. నా పొట్ట మీద బెల్టు చివరి కన్నానికి వచ్చి ఉంది. ఎనిమిదే కావాలని అందరితో పోట్లాడిన ఆ సన్నటి కుర్రాడు కళ్ళముందు మెదిలాడు. వాడు నా పొట్ట చూస్తే ఎవరి పక్షం చేరతాడో ఆలోచిస్తూ నిలబడ్డాను. ఇంతలో బావ, గోవాలో పన్నెండుది ఇంకా ఉందేమో కనుక్కోమన్నాడు.