రామప్ప ఎలుగుబంటి వంక

పుంగనూరు పక్క కొండల్లో ఫారెస్టు వాచర్ రామప్పకు తెలియని రాయి లేదని పేరు. ఆ పేరు ఊరంతా చాటుకున్నదీ ఆయనే. అందుకే 2006లో బెంగళూరు నుంచి భార్గవి అనే పరిశోధకురాలు కంప్యూటర్ మ్యాపుతో దిగేసరికి ఆయనకు ఒళ్లు మండింది.

ఆమె వెతికేది కొమ్మల మీద పెరిగే ఒక అరుదైన ఆర్కిడ్‌ను. అది ఇదివరకు దొరికిన చోట్ల ఎత్తు, వాన, నీడ చూసి, ఇంకెక్కడ ఉండొచ్చో కంప్యూటర్ ఎర్రచుక్కలు పెట్టింది. ఉన్నచోటు తెలిస్తేనే కదా కాపాడుకునేది.

"బదనికేనా? దానికి మిషను యాలమ్మా, నన్నడిగితే సాలదా?" అన్నాడు రామప్ప.

ఆమె అన్నిటికన్నా ఎర్రటి చుక్క మీద వేలు పెట్టింది. "ముందు ఇక్కడికి పోదాం."

రామప్ప ఆమెకు అడ్డం వచ్చాడు.

"ఆడికొద్దమ్మా! ఎలుగ్గొడ్డు ఉండాది. పన్నెండేండ్లుగా ఆ వంకలోకి మేక కూడా పోలేదు."

నిజానికి పన్నెండేళ్ల కింద అక్కడ ఆయన్ను తరిమినవి తేనెటీగలు. వాచరై ఉండి ఈగలకు జడిసి పరిగెత్తానంటే పరువేం కాను? ఎలుగుబంటి అన్నాడు. ఊరు నమ్మింది.

భార్గవి వినకుండా నడక సాగించింది. ఆడపిల్లను ఒంటరిగా పంపలేక, మండుటెండలో నిలువునా కంబళి కప్పుకొని రామప్ప వెంట నడిచాడు.

"కంబళి ఎందుకండీ?"

"సలిగా ఉండాది," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

వంకలో ఈగల్లేవు. గొడ్డలి తగలని చెట్లు, కొమ్మకొమ్మకూ తెల్లటి పూలు. నలభై ఒక్క మొక్కలు లెక్కపెట్టి భార్గవి రాతి మీద కూలబడిపోయింది. "ఇంత భద్రంగా ఎలా మిగిలాయండీ?"

రామప్ప కంబళి తీసి, ఉన్నదంతా చెప్పేశాడు. ఆమె కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "ఎలుగుబంటి లేదన్న సంగతి ఇంకెవరికీ చెప్పకండి, రామప్పగారూ," అంది.

మిగతా చుక్కలకూ ఆయనే దారి చూపాడు. రెండుచోట్ల ఏమీ లేదు. కుప్పం దగ్గర ఒకచోట కొండే లేదు, గ్రానైట్ తవ్విన గుంత ఉంది. ఆ అవతలి గుట్ట మీద మాత్రం రెండు మొక్కలు దొరికాయి.

తిరుగు బస్సులో ఆ కబురు అందరికీ చెప్పాడు. పలమనేరు వచ్చేసరికి ఆయన మాటల్లో ఆ రెండు మొక్కలూ ఇరవై అయ్యాయి.

"యాడప్పా అవి?" అని పక్క సీటాయన అడిగాడు.

రామప్ప కిటికీ వైపు తిరిగి నిద్ర నటించాడు.