పిడికిట్లో మాత్ర

నలభై ఒకటో ఏడు వచ్చేదాకా నాకు మందులన్నీ రంగులతోనే తెలుసు. పచ్చ అట్ట రాత్రి వేసేది, ఎర్ర గీతలున్నది పొద్దున వేసేది, వెండిలా మెరిసేది అన్నానికి ముందు వేసేది. ఇవన్నీ మా అత్తగారివి. ఆమెకు గుండె జబ్బు, కాళ్లు వాచేవి. ఎర్ర గీతల అట్టలో ఉండేవి నీళ్ల మాత్రలు. ఒంట్లో చేరిన నీటిని బయటికి పంపేస్తాయి. రోజుకు ఒక్కటే వెయ్యాలని డాక్టరు మా ఆయనకు రెండుసార్లు చెప్పాడు. మా ఆయన నాకు నాలుగుసార్లు చెప్పాడు.

ఒక నెల మందుల షాపతను ఆ కంపెనీవి లేవని వేరే కంపెనీ నీళ్ల మాత్రలు ఇచ్చాడు. మందు అదే, అట్ట మాత్రం పచ్చది. పాత ఎర్ర అట్టలో ఇంకా నాలుగు మిగిలి ఉన్నాయి. పొద్దున అవి వేశాను. రాత్రి పచ్చవి వేశాను. పచ్చ అట్టలు రెండున్నాయని నేను పట్టించుకోలేదు, చేతికి ముందు దొరికినదే విప్పాను. మూడు రోజులు ఆమెకు రెండు పూటలా నీళ్ల మాత్రే పడింది. నాలుగో రోజు పొద్దున బాత్రూములో కళ్లు తిరిగి పడిపోయింది. తుంటి ఎముక విరిగింది.

ఆసుపత్రిలో డాక్టరు ఏమేం మందులు వేస్తున్నారని అడిగితే మా ఆయన ఒప్పజెప్పినట్టు చెప్పాడు. నేను బట్టలు తేవడానికి ఇంటికొచ్చి డబ్బా తీసి చూశాను. రెండు పచ్చ అట్టలు. పక్కపక్కన పెట్టి చూస్తే వాటి మీది అక్షరాలు ఒకలా లేవని నాకు కూడా తెలిసింది. మూడు గుంటలు ఖాళీ అయిన అట్టను కాగితంలో చుట్టి, క్వార్టర్ల చివర ఉన్న చెత్తకుండీలో వేసి వచ్చాను. ఆ విషయం ఎవరికీ చెప్పలేదు.

ఆమె బతికింది గానీ మళ్లీ తనంతట తాను లేచి నిలబడలేదు. అప్పటినుంచి రోజుకు నాలుగైదుసార్లు ఆమెను మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి మార్చేది నేనే.

ఆ ఏడే అక్షరాలు నేర్చుకున్నాను. మేముండేది దేశ రాజధానిలో. ఆర్.కె. పురంలో మాది కింది అంతస్తు క్వార్టరు. మా ఆయన కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఫైళ్లు మోసే ఉద్యోగి. పై అంతస్తులో ఉండే ఒక తెలుగు ఆఫీసరు గారి తల్లి ఊళ్లో టీచరుగా చేసి రిటైరయినామె. మధ్యాహ్నాలు ఆమె దగ్గర కూర్చుని ముందు తెలుగు, తరవాత ఇంగ్లీషు అక్షరాలు దిద్దాను. ఎందుకమ్మా ఈ వయసులో అని ఆమె అడిగితే, బస్సు బోర్డులు చదవడానికని చెప్పాను. మొదట చదివింది మాత్రల అట్ట. చదవడం వచ్చాక భయం పోతుందనుకున్నాను. పోలేదు. ఇప్పటికీ ఒక్కో అట్టను మూడుసార్లు చదివితే గాని మాత్ర విప్పను.

ఎనిమిదేళ్లు అత్తగారిని ఎత్తేసరికి నా నడుం పట్టేసింది. వెన్నుకు బలం రావాలి, బరువులు ఎత్తడం సరిగ్గా నేర్చుకోమని ఆసుపత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి చెప్పింది. మునిర్కా మార్కెట్ వెనక ఒక జిమ్ముంది. అక్కడ ఆడవాళ్లకు నేర్పేది హరియాణా నుంచి వచ్చిన ముప్పై ఏళ్ల మనిషి. అందరూ ఆమెను కోచ్ అనేవాళ్లు. మొదటి రోజు కింద ఉన్న ఇనప కడ్డీ ఎత్తమంది. నేను మోకాళ్లు వంచి, దాన్ని ఒంటికి దగ్గరగా లాక్కుని, ఊపిరి బిగబట్టి లేచాను.

“అరే వాహ్! ఇది మీకెవరు నేర్పారు?”

“మా అత్తగారు.”

“ఆవిడ పహిల్వానా?”

“కాదు, ఆవిడ బరువు.”

ఆమె పడీపడీ నవ్వింది. ఆంటీ అని మొదలుపెట్టింది, ఆ రోజు నుంచి దీదీ అంది. ఆరు నెలలకు, ముప్పై అయిదు దాటిన ఆడవాళ్లు కండలు చూపించే ఫిజీక్ పోటీకి నా పేరు ఇచ్చేసింది.

మొదటి పోటీకి ముందు వారం రోజులు నాకు నిద్ర లేదు. స్టేజీ మీద రెండు పీలికల బట్టలే వేసుకోవాలి. మా ఆయన ఆ రెండు పీలికలను వేలితో ఎత్తి చూసి, “మిగతాది దర్జీ ఇంకా ఇవ్వలేదా?” అన్నాడు. నాకు నవ్వు రాలేదు. వాటిని మడిచి పెట్టి, “నేనూ వస్తాను. వెనక కూచుంటాన్లే” అన్నాడు.

అయిదుగురిలో అయిదోదాన్నయ్యాను. భయంతో పిడికిళ్లు బిగించేశాను. మగవాళ్లు అలా బిగించవచ్చు గాని, మా విభాగంలో ఆడవాళ్లు వేళ్లు తెరిచి చూపించాలి. అది నియమం. దానికి మార్కులు పోయాయి. రెండో ఏడు ఆరుగురిలో ఆరోదాన్ని. అయినా మళ్లీ వెళ్లాను. ఎందుకెళ్తున్నావని మా ఆయన అడిగేవాడు. ఇంట్లో, బ్యాంకులో, ఆసుపత్రిలో ఎప్పుడూ ఎవరో ఒకరి వెనక నిలబడ్డదాన్ని. ఎవరైనా కాగితం చేతికిచ్చి చదవమంటారేమోనని అలా నిలబడడం అలవాటయింది. స్టేజీ మీద వెనక నిలబడడానికి చోటుండదు. ఉన్న ఒంటిని ఉన్నట్టు చూసి, నీది ఆరో స్థానం అని ముఖం మీద చెబుతారు. ఆ మాట విన్నాక కూడా నేను కింద పడిపోలేదు. దానికోసమే వెళ్లేదాన్నేమో.

పోయిన చలికాలం మూడో పోటీ. నోయిడాలో ఒక పెళ్లిళ్ల హాలు. ముందు రోజు సాయంత్రమే ఒంటినిండా ముదురు రంగు పూశారు, దీపాల వెలుగులో కండలు కనబడాలని. పొద్దున నిండు చేతుల స్వెట్టరు వేసుకుని మెట్రో ఎక్కాను. ఎదురు సీటు పాప నన్నే చూస్తూ, “మమ్మీ, ఆంటీకి ఏమయింది?” అంది. వాళ్లమ్మ దాని తల అటు తిప్పేసింది.

ముందు రోజు మధ్యాహ్నం నుంచి నీళ్లు తగ్గించమని కోచ్ చెప్పింది. నాలుక అట్టలా అయింది. వెనక గదిలో ఏడుగురం. నా పక్కన గాజియాబాద్ నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగిని ఒకామె, అద్దంలో తన పొట్ట చూసుకుంటూ, “ఈసారి మొదటి ముగ్గురిలో లేకపోతే నేనిక మానేస్తా” అంటోంది.

కోచ్ నన్ను గోడ పక్కకు తీసుకెళ్లి, సంచిలోంచి అట్ట తీసి, కత్తెరతో ఒక మాత్ర ఉన్న ముక్కను కత్తిరించి నా చేతిలో పెట్టింది.

“దీదీ, ఇది వేసుకో. చర్మం కింది నీళ్లన్నీ పోతాయి. ఈసారి పతకం పక్కా.”

కత్తిరించిన ముక్క మీద పేరు సగమే ఉంది. ఆ సగం చాలు. పదకొండేళ్లుగా రోజూ పొద్దున మూడేసిసార్లు చదువుతున్న పేరది. అత్తగారి నీళ్ల మాత్ర. బాత్రూములో నేల మీద తెల్లగా పాలిపోయిన ఆమె ముఖం కళ్ల ముందుకొచ్చింది. నిన్నటినుంచి నా ఒంట్లో కూడా నీళ్లు లేవు.

“ఇది డాక్టరు ఇచ్చిందా?”

“అందరూ వేసుకుంటారు, దీదీ. ఏం కాదు.”

బ్యాంకు ఆమె తనది అప్పటికే వేసుకుంది. కోచ్‌కు వద్దని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. రెండేళ్లు డబ్బు తీసుకోకుండా నేర్పిన మనిషి. అదీగాక ఎందుకు వద్దో చెప్పాలంటే, ఆ పచ్చ అట్ట దాకా చెప్పాలి. తరవాత వేసుకుంటానని సంచిలో దాచాను. మధ్యాహ్నం దాటాక కోచ్ మళ్లీ వచ్చింది.

“గోలీ వేసుకున్నావా?”

“ఇంకా లేదు.”

“హే భగవాన్!” ఆమే సంచిలోంచి తీసి, అట్ట చింపి, మాత్ర నా అరచేతిలో పెట్టి, సీసా మూతలో గుక్కెడు నీళ్లు పోసింది. “ఇప్పుడైనా వేసుకో. నా ముందే.”

అప్పుడే మైకులో మా విభాగాన్ని పిలిచారు. అందరూ లేచారు. నేను నీళ్లు గొంతులో పోసుకుని వరసలో కలిశాను. మాత్ర పిడికిట్లోనే ఉండిపోయింది. ఆ బట్టల్లో జేబెక్కడుంటుంది?

స్టేజీ ఎక్కాక ఒక్కటే భయం. చెయ్యి తెరిస్తే పడిపోతుంది. కోచ్ ముందు వరసలో కూర్చుని నన్నే చూస్తోంది. ఎడమ చేతి వేళ్లు తెరిచాను, కుడి చెయ్యి బిగించే ఉంచాను. మాత్ర చెమటకు కరుగుతున్నట్టు తెలుస్తోంది. చర్మంలోంచి లోపలికి పోతుందేమో అని కూడా అనిపించింది. అలా పోదని ఇప్పుడు తెలుసు, అప్పుడు తెలియదు.

మధ్య కుర్చీలో ఉన్న జడ్జి మైకు అందుకున్నాడు.

“నంబర్ సెవెన్, హాథ్ ఖోలియే.”

నేను తెరవలేదు.

“నంబర్ సెవెన్, చేతులు తెరవండి. రెండూ.”

హాలంతా నన్నే చూస్తున్నట్టుంది. వెనక ఎక్కడో మా ఆయన ఒళ్లో ఆఫీసు సంచి పెట్టుకుని కూర్చున్నాడు. తెరిచాను. సగం కరిగిన మాత్ర స్టేజీ చెక్క మీద పడి, రెండుసార్లు ఎగిరి, ముందు అంచు దగ్గర ఆగింది. ముదురు రంగు పూసిన నా అరచేయి మధ్యలో తెల్లటి మచ్చ. కోచ్ తల వంచుకుంది. జడ్జి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఆ తెల్లమచ్చ చెయ్యి పైకెత్తే మిగతా భంగిమలన్నీ చూపించాను.

ఏడుగురిలో ఏడోదాన్ని. బ్యాంకు ఆమెకు రెండో స్థానం వచ్చింది. ఆమెకు ఏమీ కాలేదు. పతకం పట్టుకుని ఫోటోలు దిగింది, జిలేబీ తింది. నాకు ఆ రోజంతా ఆమె కాళ్లకేసి చూడడమే పనైంది, ఎక్కడ తూలుతుందోనని.

మెట్లు దిగగానే కోచ్ చెయ్యి పట్టుకుంది. “వేసుకోనంటే వేసుకోనని చెప్పాలి గదా! అందరి ముందూ నా పరువు తీశావు.”

అప్పుడు చెప్పాను. పచ్చ అట్టలు, మూడు రాత్రులు, చెత్తకుండీ, అన్నీ. హిందీలో చెప్పడం వల్లనేమో సులువుగానే వచ్చేసింది. ఆమె నా చెయ్యి వదిలేసింది. “ఇంట్లో తెలుసా?” అంది. తెలియదన్నాను. సంచిలో మిగిలిన అట్ట తీసి చూసి, మళ్లీ సంచిలోనే పెట్టుకుంది. పారేస్తుందనుకున్నాను. పారెయ్యలేదు.

మెట్రోలో మా ఆయనకు చెప్పాను. ఆయన కిటికీకేసి చూస్తూ కూర్చున్నాడు. దిగేటప్పుడు, “అమ్మకు చెప్తావా?” అన్నాడు. చెప్తానన్నాను.

రంగుతోనే అత్తగారి ముందు నిలబడ్డాను.

“ఓలమ్మ, ఏటే ఆ అవతారం! ఈపాలైనా గెలిసేవా?”

“నేదత్తా. ఆఖరు.”

“మూడేళ్లనుంచీ ఆఖరేనా? మరెందుకెల్తావే?”

మంచం పక్కన కూర్చుని చెప్పాను. అంతా అయ్యాక ఆమె నా చేతిలోని రాత్రి మాత్రకేసి చూసి, పెదాలు బిగించి, మొహం గోడవైపు తిప్పుకుంది. “నా కొడుకుని పిలు” అంది.

మూడు రోజులు నా చేతి మందు ముట్టలేదు. ఎత్తి కుర్చీలో కూచోబెట్టనిచ్చేది, ఎత్తక తప్పదు కనక. ఎత్తినప్పుడు మాత్రం నా భుజం పట్టుకునేది కాదు, చేతులు తన ఒళ్లో పెట్టుకునేది. మా ఆయన పొద్దున ఆఫీసుకు పోయే తొందరలో గబగబా మాత్ర వేసి పోతుంటే, గుమ్మం దగ్గర నిలబడి, ఆయన ఏ అట్ట విప్పాడో చూడాలని ప్రాణం కొట్టుకునేది. పదకొండేళ్ల కిందటి భయం ఇప్పుడు ఆమెక్కూడా పట్టుకుంది. పట్టించింది నేనే.

నాలుగో రోజు ఆయన మొదటి బస్సుకే వెళ్లిపోయాడు. మందుల వేళయింది. డబ్బా తీసుకుని కొంచెం దూరంలో నిలబడ్డాను.

“అక్కడే ఉండిపోయేవేటి? ఇటు రా” అంది. “అట్ట నాకు కనబడీలాగ పట్టుకో.”

పట్టుకున్నాను. ఆమెకు చదువు రాదు.

“ఇప్పుడు సదువు. ఒక్కో అచ్చరం మీద వేలెట్టి సదువు.”

వేలు పెట్టి చదివాను. మరోసారి చదవమంది. మూడోసారి ఆమె అడగకుండానే చదివాను. అప్పుడు నోరు తెరిచింది. మాత్ర వేశాక నీళ్లు తాగి, నా అరచెయ్యి తన వైపు లాక్కుని చూసింది. రంగు ఇంకా పూర్తిగా పోలేదు. మధ్యలో మచ్చ ఉన్నచోట మాత్రం నా అసలు చర్మం కనిపిస్తోంది.

ఇప్పుడు రోజూ అలాగే. ఆమె నా వేలు చూస్తుంది, నేను చదువుతాను. వచ్చే పోటీకి ఫారం నా చేత్తో నేనే నింపాను. మాత్ర ఇస్తే వేసుకోనని కోచ్‌కు ముందే చెప్పాను. “అయితే మళ్లీ ఆఖరే, దీదీ” అంది. తెలుసన్నాను.