బొబ్బట్ల సెమీ క్రిస్మస్

పరోపకారం చేయబోయి ఒక గృహప్రవేశాన్ని పస్తు పెట్టిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? అది నేనే. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. విజయవాడలో కొత్త ఉద్యోగం, మా చర్చి సంఘంలో యూత్ సెక్రటరీ పదవి. ఈ రెండూ ఒకే తలకెక్కితే ఊరికి తుఫాను హెచ్చరిక అక్కర్లేదు!

ఆ డిసెంబరులో ఉయ్యూరు దగ్గర చెరకు నరకడానికి వచ్చిన వలస కూలీలకు పండగకు ముందే జరిపే సెమీ క్రిస్మస్ విందు పెడదామనుకున్నాం. కోడి బిర్యానీ తెచ్చే పని నాది. కేటరింగ్ రమణయ్యగారి వంటశాలలో గిన్నెలు బారులు తీరి ఉన్నాయి. ఆయన ఫోన్‌లో ఉన్నారు. "ఇవి మావేనాండీ?" అంటే చెయ్యి ఊపారు. అంతే, ట్రాలీ ఆటో ఎక్కించేశాను. ఆ చెయ్యి 'ఆగు' అన్నదని తర్వాత తెలిసింది లెండి.

చేను గట్టున కూలీలు ఆకలితో కూర్చున్నారు. నేను వాళ్ల ఆకలి పట్టించుకోకుండా అరగంట ప్రసంగించాను. "దేవుని ప్రేమైనా, పిడికెడు అన్నమైనా పంచితేనే పెరుగుతుంది!"

మూతలు తీశాం. పులిహోర. గారెలు. బొబ్బట్లు. కోడి కాదు కదా, ఈకైనా లేదు!

"బాబూ, ఇవి మనవి కావేమో. రమణయ్యగారికి ఒక్క ఫోన్ చెయ్యరాదూ?" అన్నారు మాతో వచ్చిన పాస్టరమ్మగారు.

"ఆయన మనసును దేవుడు కదిలించాడండీ! బొబ్బట్లు కానుకగా పంపారు!"

"మరి బిర్యానీ ఏదీ?"

"విశ్వాసం ఉంచాలండీ అమ్మగారూ!"

విశ్వాసం ఉంచి వడ్డించాం. "ఇంకో రెండెయ్యి బాబూ" అందొక ముసలమ్మ. నాలుగేశాను. వరదొచ్చిన కృష్ణలా వడ్డించాను!

అప్పుడు ఫోన్ మోగింది.

"ఏవండీ, గిన్నెలు తెరిచారా?" అన్నారు రమణయ్యగారు.

"తెరవడమేంటండీ, అడుగు కనపడుతుంటే!"

"అవి పెనమలూరు గృహప్రవేశానివండీ బాబూ! అక్కడ పంతులుగారి ఎదురుగా మీ కోడి బిర్యానీ మూత తీశారు!"

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. నేనైతే ఏ చుట్టరికమూ లేనివాళ్ల సొమ్ము దానం చేశాను!

పాస్టరమ్మగారిని తోడు తీసుకుని పెనమలూరు వెళ్లాను. ఇంటావిడ రాజ్యలక్ష్మిగారు నలభై మంది చుట్టాలకు తానే ఉప్మా కలుపుతున్నారు. తలవంచుకుని జరిగిందంతా చెప్పాను. ఆవిడ గరిటె ఆపి నావైపు చూశారు. ఆ గరిటె నా వీపు మీదకే అనుకున్నాను.

"కడుపునిండా తిన్నారా వాళ్లు?"

"తిన్నారండీ."

"బొబ్బట్లలో నెయ్యి సరిపోయిందన్నారా?"

"ఒక ముసలమ్మగారు ఆరు తిన్నారండీ."

ఆవిడ కళ్లు తడిశాయి. "కొత్తింటి మొదటి వంట ఆకలిగొన్నవాళ్లకే చేరింది. ఇంకేం కావాలి? ముందు కూర్చోండి, మీరూ తినలేదుగా!" అంటూ మా ఇద్దరికీ ఉప్మా పెట్టారు. ఏడుపూ ఉప్మా కలిసి గొంతు దిగడం కష్టమండీ!

చెయ్యి కడుక్కుని, ధైర్యం తెచ్చుకుని, "ఆ బిర్యానీ ఇప్పించండి, కూలీలకు సాయంత్రం పెడతాం" అన్నాను ఇంటాయనతో.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "పంతులుగారు వెళ్లాక మా బావమరుదులు… అబ్బే, మా ఇంట్లో కాదండోయ్, పక్కింటి మేడ మీద! గిన్నె కూడా కడిగేశారు!"

ఆ పూటే మోకాళ్లూని ఘోర ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ఎవరిచేతా వాళ్లకు తెలియకుండా దానం చేయించను. తెలిస్తే వాళ్లు నాకంటే బాగా చేస్తారు!