చివరి ఓవర్లో బయట నిలబడే సైదులు మామ

హైదరాబాద్‌కి జనం రకరకాల పనుల మీద వెళ్తారు. కోచింగ్‌కి, ఆసుపత్రికి, పెళ్లి బట్టలకి. మొన్న ఆదివారం నేను బెజవాడ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా వెళ్లింది మాత్రం ఒక మనిషిని కరెంటు స్తంభం దగ్గర నిలబెట్టడానికి. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. శనివారం సాయంత్రం మా అత్త ఫోన్ చేసి, "రేపు పాకిస్తాన్‌తో మ్యాచ్ ఉందిగా, మీ మావయ్య అసలు టీవీయే పెట్టనంటున్నాడే. నువ్వొక్కసారి వచ్చి వెళ్లవే పద్మా," అంది. ప్రసాద్ మావయ్య మా అమ్మ తమ్ముడు. దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షల పాత పుస్తకాల కొట్టు నడుపుతాడు. మ్యాచ్ ఉందంటే అన్నం కూడా టీవీ ముందుకే తెప్పించుకునే మనిషి. అలాంటివాడు టీవీ పెట్టనన్నాడంటే కారణం క్రికెట్ కాదని నాకు తెలుసు. ఆ కారణం పేరు సైదులు.

కథ షార్జాలో మొదలైంది. అంటే మ్యాచ్ షార్జాలో, కథ సైదాబాద్‌లో. ఎనభై ఆరులో గుంటూరు వైపు నుంచి మావయ్య, నల్గొండ దగ్గరి పల్లె నుంచి సైదులు మామ పని వెతుక్కుంటూ వచ్చి, సైదాబాద్‌లో ఒకే కాంపౌండ్‌లో పక్కపక్క గదులు కిరాయికి తీసుకున్నారు. పాకిస్తాన్‌తో జరిగిన ఆ షార్జా ఫైనల్‌ని ఇంటి ఓనరుగారి కిటికీలోంచి చూశారు. చూసింది మావయ్య ఒక్కడే. సైదులు మామ బోరింగు దగ్గర బకెట్లు నింపుతున్నాడు. ఆఖరి బంతి, పాకిస్తాన్‌కి నాలుగు పరుగులు కావాలి. సరిగ్గా అప్పుడే ఆయన తడి చేతులతో పరిగెత్తుకొచ్చి కిటికీలో తల పెట్టాడు. బంతి సిక్సు వెళ్లింది. నువ్వు చూశావు కాబట్టే పోయిందని మావయ్య తేల్చేశాడు. విచిత్రమేమిటంటే, సైదులు మామ కూడా అవునని ఒప్పేసుకున్నాడు.

ఆనాటి నుంచి అదే ఆచారం. పాకిస్తాన్‌తో మ్యాచ్ బిగుసుకోగానే సైదులు మామ బయట కరెంటు స్తంభం దగ్గరికెళ్లి టీవీకి వీపు పెట్టి నిలబడాలి, మావయ్య లోపలినుంచి అరిచి చెప్పాలి. నేను ఇంటర్, డిగ్రీ మావయ్య ఇంట్లోనే ఉండి చదివాను కాబట్టి ఇది కళ్లారా చూశాను. బెంగళూరు క్వార్టర్ ఫైనల్లో వాళ్ల ఓపెనర్ ఫోరు కొట్టి, మన బౌలరుకి బ్యాటు చూపించి, మరుసటి బంతికే బౌల్డయినప్పుడు సైదులు మామ స్తంభం దగ్గరే ఉన్నాడు. ఢాకాలో మూడొందల పైచిలుకు లక్ష్యాన్ని చీకటి పడుతుండగా మన కుర్రాడొకడు ఫోరుతో ముగించినప్పుడూ అక్కడే. తర్వాత దక్షిణాఫ్రికాలో థర్డ్ మ్యాన్ మీదుగా వెళ్లిన ఆ సిక్సు, ఇరవై ఓవర్ల ఫైనల్లో గాల్లోకి లేచి మన ఫీల్డరు చేతుల్లో పడిన ఆఖరి బంతి, మొహాలీ సెమీఫైనల్, ఇవన్నీ దేశమంతా చూసింది. సైదులు మామ మావయ్య గొంతులో విన్నాడు. నేను లెక్కల టీచర్ని, ఇలాంటివి నమ్మకూడదు. నమ్ముతాను.

ఆ ఆచారం సకల జనుల సమ్మెలో తెగిపోయింది. సమ్మె సాగినన్నాళ్లూ మావయ్య కొట్టు మూతపడింది. ఎవరూ రాయి వేయకుండా రోజూ పొద్దున్నే వచ్చి షట్టర్ చూసి వెళ్లింది సైదులు మామే. ఒకరోజు మావయ్య విసుగులో, "మీవాళ్ల గొడవలో మేం నలుగుతున్నాం" అన్నాడు. సైదులు మామ ముఖం మాడిపోయింది. "మీవాళ్లా? ఇరవై ఐదేండ్ల సంది నీ మ్యాచ్‌ల కోసం బయట నిలవడ్డోణ్ణి. ఇంకెంత కాలం నిలవడాల్రా నేను బయట?" అని వెళ్లిపోయాడు. అంతే, రెండున్నరేళ్లుగా మాటల్లేవు. ఇద్దరూ ఒకే రోడ్డు మీద తిరుగుతారు, ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం, ఇద్దరికీ మొండితనం. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆదివారం పొద్దున్న అయిదున్నరకి బెజవాడలో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. టికెట్టు రెండొందల చిల్లర. ఎడమవైపు సీటు తీసుకోకండి, ఎండంతా మీ మీదే పడుతుంది. నందిగామ, కోదాడ దాటి సూర్యాపేటలో పావుగంట ఆపారు. అక్కడ టీ బాగుంటుంది, ఇడ్లీ జోలికి పోకండి. రాష్ట్ర విభజన బిల్లు పార్లమెంటులో గట్టెక్కి పది రోజులే అయింది, బస్సులో అందరూ మాటలు ఆచితూచి వాడుతున్నారు. సూర్యాపేటలో ఎక్కిన ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుని, "యాడికెల్లి బిడ్డా?" అంది. బెజవాడ అన్నాను. కాసేపు ఆలోచించి, "ఇగ మీదొక రాష్ట్రం, మాదొక రాష్ట్రం. గని బస్సు గిదే గదా," అని తన సంచిలోంచి సర్వపిండి ముక్క తీసి పెట్టింది. దారంతా నాకు ఆ మాటే గుర్తొచ్చింది.

పదకొండుంబావుకి ఎల్బీ నగర్లో దిగాను. మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్వి పెట్టారు, కూడలి దాటడానికే పది నిమిషాలు పట్టింది. దిల్‌సుఖ్‌నగర్‌కి షేరింగ్ ఆటో పది రూపాయలు. నేను మాత్రం మధ్యలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ దగ్గర దిగిపోయాను. సైదులు మామ ఇప్పుడు అక్కడ ట్రాలీ ఆటో నడుపుతున్నాడు. గేటు బయట బండి మీద టార్పాలిన్ కడుతూ కనిపించాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది.

"పద్మా! నువ్వేంది గిట్ల? ఎప్పుడొచ్చినవ్ బిడ్డా?"

"ఇప్పుడే దిగాను మామా. మ్యాచ్ ఉందిగా, నిన్ను తీసుకెళ్దామని."

ఆయన తాడు ముడి బిగించాడు. "మ్యాచ్‌లు చూస్తలేను నేను."

"నువ్వెప్పుడు చూశావు గనక? బయటే కదా నిలబడేది," అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

"గదే బిడ్డా. శానా నిలవడ్డ. మోకాళ్లు నొస్తున్నయ్. ఇంకొకణ్ణి నిలవెట్టుకోమను." కోపంగా కాదు, అలసటగా అన్నాడు. తర్వాత బండిలోంచి డజను బత్తాయిలు సంచిలో వేసి నా చేతికిచ్చాడు. "గివి నీకు, మీ అత్తకు. వానికియ్యకు." చౌటుప్పల్‌కి లోడు ఉందని బండి స్టార్ట్ చేశాడు. నేను ఆ సంచితో రోడ్డు మీద నిలబడిపోయాను. వచ్చిన పని అయిదు నిమిషాల్లో చెడగొట్టాను కదా అని నా మీద నాకే ఏడుపొచ్చింది.

మావయ్య కొట్టు బస్టాండు వెనక సందులో, ఆ కరెంటు స్తంభానికి ఎదురుగా ఉంటుంది. నేను వెళ్లేసరికి ఆయన గైడ్ల మీద దుమ్ము దులుపుతున్నాడు. ఒంటిగంటన్నరకి మ్యాచ్ మొదలవుతుంటే కొట్లో ఉన్న టీవీ నేనే పెట్టాను, ఆయన వద్దనలేదు. మళ్లీ ఢాకాలోనే. కోచింగ్ పిల్లలు అయిదారుగురు వచ్చి పుస్తకాల కట్టల మీద కూర్చున్నారు. అత్త గోంగూర పప్పు, వడియాలు పంపింది. తెచ్చిన కుర్రాడి చేతికే బత్తాయిల సంచి ఇచ్చి, సైదులు మామ అన్న మాట అత్తకి ఫోన్లో చెప్పాను. మనవాళ్లు రెండొందల నలభై అయిదు చేశారు. మావయ్య చూస్తున్నాడే గానీ నోరు విప్పలేదు. మధ్య మధ్యలో వీధిలోకి చూసి, మళ్లీ టీవీ వైపు తిరిగేవాడు. ఫోరు కొట్టినా చప్పట్లు లేవు.

చీకటి పడ్డాక పాకిస్తాన్ బాదుడు మొదలైంది. నాలుగు వికెట్లకి రెండు వందలు. పని అయిపోయిందనుకున్నాం. అప్పుడే సందు మొదట్లో ట్రాలీ ఆటో ఆగిన చప్పుడైంది. సైదులు మామ దిగాడు, ఎవరినీ పలకరించలేదు, నేరుగా స్తంభం దగ్గరికి వచ్చి, టీవీకి వీపు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మావయ్య చూశాడు. సరిగ్గా అప్పుడే వికెట్ పడింది.

"అవుట్!" అని మావయ్య అరిచిన అరుపుకి పక్క కొట్టువాళ్లు బయటికొచ్చారు. "సెట్టయినోడు అవుట్! రెండొందలకి అయిదు!" కాసేపటికే మరొకడు రనౌట్. స్కోరు టీవీలో కనిపిస్తూనే ఉంది, పిల్లలకి చెప్పాల్సిన పని లేదు. ఆ అరుపులన్నీ స్తంభం దగ్గరికే. సైదులు మామ తిరిగి చూడకుండా తల మాత్రం ఊపుతున్నాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

తర్వాత ఓ జంట కుదురుకుని ముప్పై చిల్లర కొట్టేసింది. నలభై తొమ్మిదో ఓవర్లో మళ్లీ రెండు వికెట్లు. ఆఖరి ఓవర్లో పది పరుగులు కావాలి, మొదటి బంతికే ఇంకో వికెట్. మిగిలింది ఒక్కటే. పిల్లలు ఎగురుతున్నారు. అప్పుడు మావయ్య లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచాడు.

"సైదులూ, లోపలికి రా."

"పిచ్చి లేసిందా నీకు? ఒక్క వికెటే ఉన్నది. గిప్పుడు నేనొస్తే పోతది."

"పోతే పోనీరా. ఒక్కసారన్నా నీ కళ్లతో చూడు. ఇంకెంత కాలం నిలబెడతాను నిన్ను బయట?"

సైదులు మామ ఆయన ముఖంలోకి చూశాడు. మావయ్య చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టి, తను పుస్తకాల కట్ట మీద కూర్చున్నాడు. ఒక సింగిల్. తర్వాత బంతి సిక్సు. "నేన్ పోత, నేన్ బయటకు పోత," అని సైదులు మామ లేచాడు. మావయ్య చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. మరుసటి బంతి కూడా సిక్సు. రెండు బంతులు మిగిలుండగానే మ్యాచ్ అయిపోయింది.

పిల్లలు మెల్లగా జారుకున్నారు. అప్పుడు మొదలుపెట్టాడు సైదులు మామ.

"నేన్ చెప్పలే? చెప్పిన్నా లేదా? ఒక్క వికెట్‌రా ప్రసాదూ, ఒక్క వికెట్! షార్జాల చూసినవ్, ఢాకాల చూసినవ్, అయినా బుద్ధి రాలే. దిమాక్ ఉన్నదా నీకు?"

"తప్పు నాదేరా," అన్నాడు మావయ్య. ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు.

"నీదే! రెండున్నరేండ్లు మాట్లాడకపోతివి. మాట్లాడిన దినమే మ్యాచ్ పోగొట్టినవ్."

"అవున్రా."

"అవున్రా అంటడు మల్ల!"

పావుగంట తిట్టాడు. మావయ్య బుద్ధిగా కూర్చుని తిట్లు తింటున్నాడు, రెండున్నరేళ్ల ఆకలి తీరుతున్నట్టు. అత్త భోజనాల గిన్నెలతో పాటు ఒలిచిన బత్తాయిలు పట్టుకొచ్చి, "ఈయనకి పెట్టొద్దన్నావట కదన్నయ్యా?" అంది. సైదులు మామ ఓరకంటితో చూసి, "ఇయ్యమ్మా, ఏడుస్తుండు చూడు," అన్నాడు. "మ్యాచ్ పోయినందుకు," అన్నాడు మావయ్య, కళ్లు తుడుచుకుంటూ. లేచేముందు సైదులు మామ తన తీర్పు చెప్పాడు. "ఇప్పటి సంది లెక్క మారింది. మల్ల మ్యాచ్‌కు నేను కుర్చీల కూసుంట, నువ్వు బయట నిలవడు. స్కోరు నేన్ చెప్త."

మర్నాడు పొద్దున్న తిరుగు బస్సులో కూర్చుని చాలాసేపు ఆలోచించాను. ఇన్నేళ్లుగా ఈ రెండు దేశాల ఆటలో ఎన్ని గొప్ప క్షణాలు! వాటిలో నాకు గుర్తుండేవన్నీ గెలుపులే అనుకునేదాన్ని. ఇకమీదట ఎవరైనా అడిగితే ఈ ఓటమి గురించే చెబుతాను. గీత ఎక్కడ గీస్తారో, ఏ ఊరు ఎటు పోతుందో నాకు తెలియదు. ఆ సందులో ఇద్దరు మనుషులు మళ్లీ తిట్టుకుంటున్నారు, నాకు అది చాలు.

మీరూ వెళ్లేటట్టయితే ఒక్క సలహా. పొద్దున్నే బయల్దేరి ఎల్బీ నగర్లోనే దిగండి, లోపలి బస్టాండు దాకా పోతే మెట్రో తవ్వకాల్లో గంట పోతుంది. మళ్లీ పాకిస్తాన్‌తో మ్యాచ్ ఈ నెలలోనే ఉందట. ఆ రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటే పాత పుస్తకాల సందుకి రండి, కూర్చోవడానికి కట్టలున్నాయి, టీ కూడా దొరుకుతుంది. బయట కరెంటు స్తంభం దగ్గర మాత్రం నిలబడకండి. ఆ చోటు ఇప్పుడు మా మావయ్యది.